మందు ఎంచే ముందు పేగునే అడగాలి

పేగులను ఏళ్ల తరబడి పీడించే ఒక జబ్బు గురించి, దానికి మందు ఎంచుకునే పద్ధతిలో రావలసిన ఒక మార్పు గురించి ఈ ప్రసంగంలో మాట్లాడతాను. ఆ జబ్బు పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్. డాక్టర్లు పొట్టిగా ఐ.బి.డి. అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే పేగు గోడ మీదికి దాడికి దిగి, ఆ దాడిని ఎప్పటికీ ఆపకపోవడం ఈ జబ్బు స్వభావం. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలాశయం దగ్గర మొదలై పైకి పాకుతూ పేగు లోపలి పొరను పుండు చేస్తుంది. రక్తం, బంక కలిసిన విరేచనాలు దీని ముఖ్య లక్షణం. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. అది పేగు గోడ మందమంతా చొచ్చుకుపోతుంది కనుక పేగు సన్నబడి మూసుకుపోవచ్చు, చిల్లుపడి పక్క అవయవాల్లోకి దారులు పడవచ్చు. చాలామందికి తెలిసిన ఐ.బి.ఎస్. అనేది వేరు. దానిలో బాధ ఉంటుంది కానీ పేగుకు పుండ్లు పడవు. ఐ.బి.డి. ఎక్కువగా యౌవనంలో, చదువులూ ఉద్యోగాలూ పెళ్లిళ్లూ నడిచే వయసులో బయటపడుతుంది. ఒకప్పుడు దీన్ని పాశ్చాత్య దేశాల జబ్బు అనుకునేవారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు పట్నాల నుంచే కాదు, పల్లెల నుంచి వచ్చే రోగుల్లో కూడా ఇది పెరుగుతోందని నమోదు చేశారు. కాబట్టి ఇది మన ఇళ్ల సంగతి.

ఈ జబ్బు ఉందని తేల్చడానికి కొలనోస్కోపీ చేసి, పేగు లోపలి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. ఆ ముక్కను చూసే పాథాలజిస్టు పేగు గ్రంథులు వంకర తిరిగాయా, ఏ రకం కణాలు గుంపు కట్టాయి, పుండు ఎంత ఉంది అని ఆకారాన్ని చూసి చెబుతారు. జబ్బు పేరు తేలుతుంది. అక్కడితో ఆ ముక్క పని అయిపోతుంది. ఆ తరువాత ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు లక్షణాల తీవ్రత చూస్తాం, ధర చూస్తాం, మార్గదర్శకాల్లో ఉన్న వరస చూస్తాం. ఆ రోగి పేగులో ఏ రసాయనం ఈ దాడిని నడిపిస్తోందో, ఏ కణం దాన్ని తయారు చేస్తోందో చూడం. నా వాదన ఒక్కటే. రోగ సూచికలను, అంటే బయోమార్కర్లను, జబ్బు ఉన్న చోటనే, ఆ కణజాలంలోనే నేరుగా గుర్తించే పద్ధతులు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. వాటిని ఐ.బి.డి. చికిత్సలో మందు ఎంపికకు ఆధారం చేసుకునే పని మనం వాయిదా వేయకూడదు. ప్రపంచంలో మరెక్కడికన్నా మన దేశంలో ఆ అవసరం ఎక్కువ.

ఇందుకు ఒక చారిత్రక సాక్ష్యం చూద్దాం. 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక నెల తేడాతో రెండు యాంటీబాడీ మందులకు అనుమతి ఇచ్చింది. ఆగస్టులో క్రోన్స్ వ్యాధికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, సెప్టెంబరులో రొమ్ము క్యాన్సరుకు ట్రాస్టుజుమాబ్. రెండూ ఒకే తరహా ఆలోచనతో వచ్చినవి. శరీరంలో ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌ను పట్టుకుని దాని పని ఆపడం రెండింటి ఉద్దేశం. ఇన్‌ఫ్లిక్సిమాబ్ పట్టుకునేది టి.ఎన్.ఎఫ్. అనే వాపు కలిగించే ప్రోటీన్‌ను. ట్రాస్టుజుమాబ్ పట్టుకునేది హెర్-2 అనే ప్రోటీన్‌ను. తేడా ఎక్కడుందంటే, ట్రాస్టుజుమాబ్‌తో పాటే అదే రోజున ఒక కణజాల పరీక్షకు కూడా అనుమతి వచ్చింది. గడ్డ నుంచి తీసిన ముక్కలో హెర్-2 ఎక్కువగా ఉందో లేదో రంగు వేసి చూసి, ఉన్నవారికే మందు ఇవ్వాలన్నారు. రొమ్ము క్యాన్సరు రోగుల్లో అలాంటివారు దాదాపు ఐదుగురికి ఒకరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అలాంటి తోడు పరీక్ష ఏదీ రాలేదు. క్రోన్స్ ఉన్నవారందరికీ ఒకే మందు ఇచ్చి చూశారు. 2002లో వెలువడిన అకెంట్-1 అధ్యయనంలో 573 మందికి మొదటి డోసు ఇస్తే రెండు వారాల్లో స్పందించినవారు 335 మంది, అంటే నూటికి 58 మంది. మిగిలిన 42 మంది పేగులో ఏం జరుగుతోంది? పావు శతాబ్దం గడిచినా రోజువారీ వైద్యంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష లేదు. క్యాన్సరు వైద్యం ఈలోగా కణజాలాన్ని అడగకుండా మందు రాయడమే తప్పనే స్థితికి చేరుకుంది.

రక్త పరీక్షలూ మల పరీక్షలూ ఉన్నాయి కదా అని అడగవచ్చు. అవి విలువైనవే. రక్తంలో సి.ఆర్.పి. పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని తెలుస్తుంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్ పెరిగితే తెల్లరక్తకణాలు పేగులోకి చేరుతున్నాయని తెలుస్తుంది. ఐ.బి.ఎస్.నూ ఐ.బి.డి.నీ వేరు చేయడానికి, చికిత్స మొదలుపెట్టాక జబ్బు అణిగిందా లేదా అని గమనించడానికి కాల్‌ప్రొటెక్టిన్ అంత సులువైన పరీక్ష మరొకటి లేదు. అయితే ఈ పరీక్షలు జవాబు చెప్పే ప్రశ్న వేరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు ముంచి పరీక్షిస్తే పైన ఎక్కడో మలినం కలిసిందని తెలుస్తుంది. అది మంజీరలో కలిసిందో, ప్రాణహితలో కలిసిందో, శబరిలో కలిసిందో ఆ నీళ్లు చెప్పలేవు. రక్తం ఒంట్లోని అన్ని అవయవాల నుంచి వచ్చి కలిసే ప్రవాహం. అందులో పేగు సంకేతం పలచబడిపోతుంది. పైగా టి.ఎన్.ఎఫ్. లాంటి ప్రోటీన్లు ఎక్కువగా పుట్టిన చోటనే పనిచేస్తాయి. పక్కపక్కన ఉన్న రెండు కణాల మధ్య జరిగే వ్యవహారం రక్తంలో కనబడాలన్న నియమం లేదు. వాపు ఉందా అని అడిగితే రక్తం, మలం చెబుతాయి. ఆ వాపును ఎవరు నడిపిస్తున్నారు అని అడగాలంటే కణజాలం దగ్గరికే వెళ్లాలి.

కణజాలంలో ఉన్నది ఉన్నచోట చూడడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1940ల మొదట్లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి, అది వెతుక్కుంటూ పోయి అంటుకున్న చోటును సూక్ష్మదర్శినిలో చూపించాడు. ఆ దారిలో వచ్చిందే నేటి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ఒక ప్రోటీన్‌కు మాత్రమే అంటుకునే యాంటీబాడీని పలుచని కణజాలపు పొర మీద వేస్తారు. అంటుకున్న చోట గోధుమ రంగు తేలుతుంది. 1969లో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ జన్యు పదార్థాన్ని కూడా కణంలో ఉన్నచోటనే గుర్తించే పద్ధతి కనిపెట్టారు. వెతుకుతున్న జన్యు వరసకు జోడీగా అతికే చిన్న పోగును తయారు చేసి కణంలోకి పంపితే అది తన జోడీని పట్టుకుంటుంది. 2016లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కణజాలపు పలుచని కోతలో ఎక్కడెక్కడ ఏ జన్యువులు పనిచేస్తున్నాయో వేల సంఖ్యలో ఒకేసారి పటం గీసే పద్ధతిని ప్రకటించారు. ఈ వరసను గమనిస్తే ఒక ప్రోటీన్‌తో మొదలైన చూపు వేల జన్యువుల దాకా విస్తరించింది. చోటు చెరిగిపోకుండా చూడాలన్న మూల సూత్రం మాత్రం మారలేదు. ఈ పద్ధతుల్లో చాలావాటికి ఫార్మలిన్‌లో ఊరి, మైనపు దిమ్మలో భద్రపరిచిన పాత ముక్కలు కూడా పనికివస్తాయి. ప్రతి ఆస్పత్రి పాథాలజీ విభాగంలోనూ అలాంటి దిమ్మలు అల్మారాల నిండా ఉన్నాయి.

ఐ.బి.డి.లో ఈ సూత్రాన్ని ఒక సందర్భంలో వైద్యులు ఇప్పటికే పాటిస్తున్నారు. అల్సరేటివ్ కొలైటిస్ రోగికి స్టెరాయిడ్లు ఇచ్చినా తగ్గకపోతే సైటోమెగలోవైరస్ పేగులో తిష్ఠ వేసిందేమోనని అనుమానిస్తారు. ఈ వైరస్ పెద్దవాళ్లలో చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది కనుక రక్తంలో ఆనవాలు దొరికినంత మాత్రాన పేగు పుండుకు అదే కారణమని చెప్పలేం. పేగు ముక్కలో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేసి, పుండు దగ్గరి కణాల్లోనే వైరస్ ప్రోటీన్ కనబడితే చికిత్స దారి మారుతుంది. స్టెరాయిడ్ పెంచే ఆలోచన పక్కనపెట్టి వైరస్ మందు ఇస్తారు. పైకి చూస్తే వైరస్ ఉన్న రోగి పేగూ, లేని రోగి పేగూ ఒకేలా ఎర్రగా, పుండ్లుపడి ఉంటాయి. ఇవ్వవలసిన మందులు దాదాపు ఎదురెదురు. ఆ తేడాను చెప్పినది కణజాలంలోని సూచిక. ఒక వైరస్ విషయంలో మనం ఒప్పుకున్న తర్కాన్ని టి.ఎన్.ఎఫ్. విషయంలో ఎందుకు ఒప్పుకోకూడదు?

ఒప్పుకోవచ్చునని చూపే ఆధారాలు పేరుకుంటున్నాయి. 2009లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వకముందే తీసిన కొలైటిస్ రోగుల పేగు ముక్కల్లో జన్యువుల పనితీరు కొలిచి, మందుకు లొంగేవారికీ లొంగనివారికీ తేడా ముందే కనిపిస్తోందని చూపారు. 2014లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మార్కస్ న్యూరాత్ బృందం ఇంకో అడుగు వేసింది. టి.ఎన్.ఎఫ్.ను పట్టుకునే యాంటీబాడీకి మెరిసే రంగు కలిపి, కొలనోస్కోపీ చేస్తూనే పేగు గోడ మీద చల్లారు. కణాలను చూడగల ప్రత్యేక ఎండోస్కోప్‌తో అక్కడికక్కడే, ముక్క బయటికి తీయకుండానే, టి.ఎన్.ఎఫ్. మోస్తున్న కణాలను లెక్కపెట్టారు. క్రోన్స్ రోగులు 25 మంది. ఆ కణాలు ఎక్కువగా ఉన్నవారిలో 12 వారాలకు నూటికి 92 మంది మందుకు స్పందించారు. తక్కువగా ఉన్నవారిలో స్పందించినది నూటికి 15 మందే. మందు లక్ష్యం పేగులో ఉందో లేదో చూసి ఇస్తే ఎంత తేడా రావచ్చునో ఈ అంకెలు చెబుతున్నాయి. 2017లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫియోనా పౌరీ బృందం ఆంకోస్టాటిన్-ఎం అనే మరో ప్రోటీన్‌ను బయటపెట్టింది. జబ్బు పడిన పేగులో అది ఎక్కువగా ఉన్నవారిలో టి.ఎన్.ఎఫ్. మందులు విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఎందుకు విఫలమవుతున్నాయన్న ప్రశ్నకు 2019లో వచ్చిన రెండు అధ్యయనాలు లోతైన జవాబు ఇచ్చాయి. మొదటిదానిలో 18 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల, 12 మంది ఆరోగ్యవంతుల పెద్దపేగు ముక్కల నుంచి 3,66,650 కణాలను విడివిడిగా చదివారు. మందుకు లొంగని స్వభావంతో ముడిపడినదిగా బయటపడిన ఒక కణ జాతి రోగనిరోధక కణం కాదు. పేగు గోడకు ఆసరాగా ఉండే ఫైబ్రోబ్లాస్ట్. వాపు సంకేతాలు అందుకుని అది కూడా దాడిలో భాగమైపోయింది. రెండోది న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రి నుంచి వచ్చింది. 1932లో బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఆపెన్‌హైమర్ ఈ వ్యాధిని వివరించినది ఆ ఆస్పత్రిలోనే. శస్త్రచికిత్సలో తీసిన చిన్నపేగు చివరి భాగాలను పరీక్షించి, కొందరు రోగుల్లో కొన్ని నిర్దిష్ట కణ జాతులు ఒక జట్టుగా కట్టి ఉంటున్నాయనీ, ఆ జట్టు ఉన్నవారికి టి.ఎన్.ఎఫ్. మందుతో జబ్బు అణిగే అవకాశం తక్కువనీ వాళ్లు కనుగొన్నారు. కంటికి ఒకేలా కనిపించే పుండు వెనుక వేర్వేరు కణ సమాజాలు ఉన్నాయన్నమాట. కణాలను విడదీసి చదివితే ఎవరెవరున్నారో తెలుస్తుంది, ఎవరి పక్కన ఎవరున్నారో తెలియదు. అందుకే ఇప్పుడు పరిశోధన మళ్లీ చెక్కుచెదరని కణజాలం వైపు తిరిగింది. జట్టు అనే మాటకు అర్థం వచ్చేది చోటు తెలిసినప్పుడే.

ఇక మన దేశం సంగతి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దగ్గరే ఉన్నాయి. టీబీ ఊపిరితిత్తులకే కాదు, పేగులకూ వస్తుంది. పేగు టీబీ, క్రోన్స్ వ్యాధి కవల పిల్లల్లా కనిపిస్తాయి. రెండింటికీ చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటే ఇష్టం. రెండింటిలోనూ జ్వరం, బరువు తగ్గడం, పేగు సన్నబడడం ఉంటాయి. రెండింటిలోనూ ముక్కలో గ్రాన్యులోమా అనే కణాల ముద్దలు కనిపించవచ్చు. పొరపాటు జరిగితే మూల్యం రెండు వైపులా ఉంది. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లో టి.ఎన్.ఎఫ్. మందులో ఇస్తే టీబీ విజృంభిస్తుంది. ఈ ప్రమాదం ఊహ కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తరువాత టీబీ బయటపడిన 70 కేసులను 2001లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. గ్రాన్యులోమాను కట్టి ఉంచి టీబీ క్రిమిని అదుపులో పెట్టే పని టి.ఎన్.ఎఫ్.దే కనుక దాన్ని అడ్డుకుంటే క్రిమి విడుదలవుతుంది. క్రోన్స్‌ను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇస్తే, ఆ కాలమంతా పేగు గోడ మచ్చకట్టి సన్నబడుతూనే ఉంటుంది. ఈ రెండింటిలో ఏదో తేలనప్పుడు ముందుగా టీబీ మందులు ఇచ్చి చూడడం మన దేశంలో వాడుకలో ఉన్న మార్గం. అందుబాటులో ఉన్న సాధనాలతో అది తెలివైన జాగ్రత్తే. కానీ మందునే పరీక్షగా వాడవలసి రావడం సాధనాల కొరతకు గుర్తు. ముక్కలో టీబీ క్రిములు చాలా కొద్దిగా ఉంటాయి కనుక రంగు వేసినా, కల్చర్ చేసినా, జన్యు పరీక్ష చేసినా చాలామందిలో దొరకవు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు క్రిమి జన్యు పదార్థాన్ని కణజాలంలో ఉన్నచోటనే పెంచి చూసే పద్ధతిని 2008లో ప్రయత్నించారు. టీబీ రోగుల్లో కొందరిలోనే అది పట్టుబడింది. ఆ ఫలితం నుంచి నేను తీసుకునే పాఠం, క్రిమిని ఒక్కదాన్నే వెతికితే చాలదని. క్రిమి చుట్టూ మన కణాలు కట్టే అమరిక, అవి విడుదల చేసే ప్రోటీన్లు కూడా కలిపి చదివే సూచికల జాబితా కావాలి. ఆ జాబితాను తయారు చేయడానికి సరిపడా రోగులు, ముక్కలు, అనుభవం ఉన్న దేశం మనదే. టీబీ అరుదైన దేశాలు మన కోసం ఆ పని చేసిపెడతాయని కూర్చుంటే అది జరగదు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, ఆధారాలు చిన్నవి అన్నది. 25 మంది రోగుల అధ్యయనం మీద దేశమంతటి వైద్యాన్ని మార్చగలమా? మార్చలేం, మార్చకూడదు. ఇందులో ఇంకా సూక్ష్మమైన చిక్కు ఒకటుంది. ఒక సూచిక పెరిగినవారిలో మందు పనిచేయలేదంటే, ఆ మందు వాళ్లకు నప్పదని అర్థం కావచ్చు. లేదా వాళ్ల జబ్బే ముదిరినది, ఏ మందుకైనా లొంగదు అని కూడా కావచ్చు. ఆంకోస్టాటిన్-ఎం జబ్బు తీవ్రతతో పాటు పెరిగేదే కనుక ఈ ప్రశ్న దానికి గట్టిగా తగులుతుంది. జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే సూచిక వేరు, ఏ మందు నప్పుతుందో చెప్పే సూచిక వేరు. రెండోది అని రుజువు కావాలంటే ముందే ముక్క తీసి, సూచికను బట్టి రోగులను విభజించి, రెండు మందులను చీటీ పద్ధతిలో పంచి పోల్చాలి. ఇది జరిగే పనేనా అంటే, కీళ్లవాతంలో జరిగింది. లండన్‌కు చెందిన కోస్టాంటినో పిట్జాలిస్ నాయకత్వంలో 164 మంది రోగుల కీలు పొర నుంచి ముక్క తీసి, రిటుక్సిమాబ్, టోసిలిజుమాబ్ మందులను పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. రిటుక్సిమాబ్ బి-కణాలు అనే రోగనిరోధక కణాలను చంపే మందు. సూక్ష్మదర్శినిలో కంటితో చూసి బి-కణాలు తక్కువ అనుకున్నవారిలో టోసిలిజుమాబ్‌కు నూటికి 56 మంది, రిటుక్సిమాబ్‌కు 45 మంది స్పందించారు. ఆ తేడా నమ్మదగినంత లేదు. అదే ముక్కల్లో జన్యువుల పనితీరు కొలిచి విభజిస్తే 63, 36 అని తేడా స్పష్టమైంది. ఆకారం చూడడం చాలదు, అణువును కొలవాలి అని ఇంత సూటిగా చెప్పిన పరీక్ష మరొకటి నేను ఎరగను. ఆధారాలు చిన్నవన్న అభ్యంతరం నా దృష్టిలో పని ఆపడానికి కారణం కాదు, ఇలాంటి పెద్ద పరీక్షలు పేగు జబ్బుల్లోనూ మొదలుపెట్టడానికి కారణం.

రెండో అభ్యంతరం బ్రిటన్‌లో జరిగిన ప్రొఫైల్ అధ్యయనం నుంచి వస్తుంది. 2024లో ప్రకటించిన ఆ అధ్యయనంలో కొత్తగా క్రోన్స్ బయటపడిన 386 మందిని తీసుకున్నారు. రక్త కణాల జన్యు సూచిక ఆధారంగా ఎవరికి మొదటి నుంచే గట్టి మందు కావాలో తెలుసుకోవచ్చని ఆశించారు. ఆ సూచిక అక్కరకు రాలేదు. సూచిక ఏది చెప్పినా, మొదటి నుంచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కలిపి ఇచ్చినవారిలో నూటికి 79 మంది స్టెరాయిడ్లు, శస్త్రచికిత్స అవసరం లేకుండా ఏడాది పాటు నిలకడగా ఉన్నారు. మెట్టు మెట్టుగా మందు పెంచినవారిలో అలా ఉన్నది 15 మందే. అయితే సూచికల గొడవ దేనికి, అందరికీ ముందే గట్టి మందు ఇస్తే సరిపోదా అని అడగడం న్యాయమే. ఈ ఫలితాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. జబ్బు తొలి దశలో, టీబీ భయం తక్కువున్న దేశంలో అది సరైన దారి. కానీ ఆ ఫలితంలోనే ఐదుగురిలో ఒకరికి అది చాలలేదు. మన దగ్గర రోగులు చాలామంది ఏళ్ల తరువాత, రకరకాల మందులు వాడాక నిపుణుల దగ్గరికి వస్తారు. వాళ్లకు ఈ అంకెలు వర్తించవు. టీబీ అనుమానం తీరకుండా అందరికీ టి.ఎన్.ఎఫ్. మందు ఇవ్వడం మన దేశంలో క్షేమం కాదు. ఇంకో మాట, అక్కడ విఫలమైనది రక్తంలోని సూచిక. జబ్బు ఎలా నడుస్తుందో ముందే చెబుతుందని ఆశించినది. ఈ మందా ఆ మందా అన్నది దాని ప్రశ్న కాదు. ఏ సూచికనైనా, అది కణజాలానిదైనా సరే, ఇంతే కఠినంగా పరీక్షించాలన్నది ఆ అధ్యయనం మనందరికీ నేర్పిన క్రమశిక్షణ.

మూడోది, ముక్కకే పరిమితులున్నాయన్నది. ఇది నిజం. కొలనోస్కోపీ చిమటా తీసేది కొన్ని మిల్లీమీటర్ల ముక్క. అది లోపలి పొర నుంచే వస్తుంది. క్రోన్స్ వ్యాధి గోడ లోతుల్లో చేసే నష్టం, ముఖ్యంగా మచ్చకట్టడం, ఆ ముక్కలో కనిపించకపోవచ్చు. జబ్బు మచ్చలు మచ్చలుగా ఉంటుంది కనుక ఒక చోట లేనిది జానెడు దూరంలో ఉండవచ్చు. చిన్నపేగు నడిమి భాగానికి మామూలు స్కోపు చేరదు. అందుకే యూరోపియన్ మార్గదర్శకాలు మొదటిసారి పరీక్షించేటప్పుడు పెద్దపేగులో కనీసం ఐదు చోట్ల, చిన్నపేగు చివర కూడా, ఒక్కోచోట రెండేసి ముక్కలు తీయమంటాయి. గోడ లోతును చూడడానికి ఎం.ఆర్.ఐ., అల్ట్రాసౌండ్ ఉన్నాయి. వాటి స్థానాన్ని ముక్క ఆక్రమించాలని నేను అనడం లేదు. ముక్కలో సూచిక కనబడితే అది బలమైన ఆధారం, కనబడకపోతే లేదని తీర్పు చెప్పరాదు అన్న వివేకం ఉంటే చాలు. పరిమితి తెలిసిన సాధనం ప్రమాదకరం కాదు.

నాలుగోది, రోగికి శ్రమ, ఖర్చు. సూచికల కోసం అదనంగా కొలనోస్కోపీలు చేయాలని ఎవరైనా అంటే నేనూ వ్యతిరేకిస్తాను. మధ్య మధ్య గమనించడానికి మల పరీక్షే మేలు. జబ్బు తేల్చేటప్పుడు, మందు మార్చవలసి వచ్చినప్పుడు ఎలాగూ స్కోపు చేస్తాం, ముక్క తీస్తాం. ఆ ముక్కనే ఇంకో రెండు ప్రశ్నలు అడగమంటున్నాను. ఖర్చు విషయంలో పరిశోధనను, రోజువారీ పరీక్షను వేరు చేసి చూడాలి. వేల జన్యువుల పటం గీసే యంత్రాలు ఖరీదైనవి. వాటి పని సూచికను కనిపెట్టడం. కనిపెట్టాక దాన్ని చూడడానికి ఒకటి రెండు రంగు పరీక్షలు చాలు. రొమ్ము క్యాన్సరుకు హెర్-2 పరీక్ష హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి నగరాల్లో మామూలు సంగతి. అదే గది, అదే సాంకేతిక సిబ్బంది, అదే మైనపు దిమ్మ పేగు ముక్కకూ పనికివస్తాయి. ఇక పనిచేయని ఖరీదైన ఇంజెక్షన్లు నెలల తరబడి చేయించుకున్న కుటుంబం మోసే భారం పక్కన ఈ పరీక్ష ఖర్చు పెట్టి చూడాలి. ఆ నెలల్లో పోయిన పేగును ఏ డబ్బూ తిరిగి తేలేదు.

అయితే ఏం చేయాలి? ఆస్పత్రులు ఐ.బి.డి. రోగుల మైనపు దిమ్మలను, వాళ్లకు ఇచ్చిన మందులు, వచ్చిన ఫలితాల వివరాలతో జతపరిచి, రోగి అనుమతితో, వ్యక్తిగత వివరాలు గోప్యంగా ఉంచి భద్రపరచాలి. ఫలితం జతపడని ముక్క ఎంత మంచి యంత్రానికి ఇచ్చినా మౌనంగానే ఉంటుంది. పాథాలజిస్టులు అందరూ ఒకే కొలమానం వాడాలి. రంగు ఎంత గాఢంగా ఉంటే ఎక్కువ అనాలో హెర్-2 విషయంలో ఏళ్ల తరబడి చర్చించి ఖాయం చేసుకున్నారు. పేగుకూ ఆ శ్రమ తప్పదు. పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు టీబీ, క్రోన్స్ మధ్య తేడా చెప్పే కణజాల సూచికలను దేశీయ ప్రాధాన్యంగా చూడాలి. క్రోన్స్‌తో సంబంధం ఉందని 2001లో యూరప్, అమెరికా రోగుల్లో కనుగొన్న నాడ్-2 జన్యు మార్పులు భారతీయ రోగుల్లో చాలా అరుదని తేలింది. పరాయి జనాభాలో తేలిన సూచికను అలాగే తెచ్చుకోలేమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. మన ముక్కలను మనమే చదవాలి.

ఈ ప్రసంగం వింటున్న రోగులకూ వాళ్ల కుటుంబాలకూ నా మనవి. మీ బయాప్సీ రిపోర్టులు జాగ్రత్త చేసుకోండి. ఆస్పత్రి మారితే స్లైడ్లు, మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకెళ్లండి. మందు మార్చవలసి వచ్చినప్పుడు ముక్కలో వైరస్ కోసం, టీబీ కోసం చూశారా అని మీ డాక్టరును అడగండి. అడగడం అనుమానించడం కాదు. కణజాల సూచికల ఆధారంగా మందు ఎంచే పరీక్షలు ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉన్నాయి కనుక వాటి పేరుతో ఎవరైనా ఖాయమైన ఫలితం చెబుతామంటే నమ్మవద్దు, వాడుతున్న మందును మీకై మీరు ఆపవద్దు. యువ వైద్యులకు చెప్పేది ఇంకొకటుంది. పాథాలజీ అంటే జబ్బు పేరు రాసి పంపే విభాగమన్న అభిప్రాయాన్ని వదలండి. మందు నిర్ణయించే బల్ల దగ్గర గ్యాస్ట్రోఎంటరాలజిస్టు పక్కన పాథాలజిస్టు కూర్చోవాలి. రోగి నొప్పి భరించి ఇచ్చిన ముక్క అది. అది చెప్పగలిగినదంతా చెప్పించుకుని, ఆ తరువాతే మందు రాయడం వైద్యుల బాధ్యత.